ఆదివారం అయ్యాక ఆరు రోజులు

*చర్చి యూత్ చేతిలో ఉన్న బలం ఊళ్లో మరో సంఘానికి లేదు. దాన్ని డిసెంబరు దుప్పట్లకే ఖర్చు పెట్టేస్తే ఎలా?*

ఏ ఊరి పేటలోకైనా వెళ్లి, అక్కడి చర్చి యూత్ దగ్గర ఏమేం ఉన్నాయో లెక్క వేయండి. కీబోర్డు, రిథమ్ ప్యాడ్, రెండు పెద్ద స్పీకర్లు, ఒక మిక్సరు. బోలెడు ప్లాస్టిక్ కుర్చీలు. ప్రేమ విందు నాడు పొయ్యెక్కే డేగిసాలు. చాపలు, ఫ్యాన్లు, ట్యూబులైట్లు ఉన్న హాలు. బైకులున్న కుర్రాళ్లు, ఆటో నడిపే అన్న, నర్సింగ్ చదివే చెల్లెళ్లు, బీటెక్ అయిపోయి నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తున్నవాళ్లు. ఒక వాట్సాప్ గ్రూపు, అందులో తెల్లవారకుండానే వచ్చే వాక్యం. వీటన్నిటికీ మించి, ఎవరూ పిలవకుండానే వారానికోసారి ఒకచోట చేరే అలవాటు.

ఈ చివరిది ఇంకో సంఘానికి ఉండటం అరుదు. హీరోల అభిమానులు సినిమా విడుదలకు కలుస్తారు. పార్టీల యువజన విభాగాలు ఎన్నికలకు కలుస్తాయి. క్రికెట్ జట్టు వేసవికి కలుస్తుంది. చర్చి యూత్ మాత్రం వాన పడ్డా, పరీక్షలున్నా, సెక్రటరీకీ ట్రెజరర్‌కీ మాటల్లేకపోయినా శనివారం సాయంత్రమో, ఆదివారం ఆరాధన అయ్యాకో కలిసే తీరుతుంది. దాని అసలు ఆస్తి ఇదే. సేవా కార్యక్రమానికి డబ్బు దొరుకుతుంది, ఒక రోజుకైతే మనుషులూ దొరుకుతారు. ప్రతి వారం వచ్చేవాళ్లే దొరకరు.

అంత ఆస్తి చేతిలో పెట్టుకుని మనవాళ్లు ఏం చేస్తున్నారు? డిసెంబరు మొదటి వారంలో స్టార్లు కడతారు. తర్వాత కేరల్స్. ట్రాక్టరు మీద జనరేటరు, ముందు శాంతాక్లాజు వేషం, అర్ధరాత్రి దాకా ఇల్లిల్లూ తిరగడం. ఆ మధ్యలో ఒక రోజు గవర్నమెంటు ఆసుపత్రిలో పళ్లూ రొట్టెలూ పంచుతారు, ఇంకో రోజు వృద్ధాశ్రమంలో దుప్పట్లు. రెండింటికీ ఫ్లెక్సీ ఉంటుంది. ఫొటోలో దుప్పటి ఒక్కటే, దాన్ని పట్టుకున్న చేతులు పన్నెండు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనతో ఆ ఏటి సేవ సరి.

దుప్పట్లు పంచడం తప్పని ఎవరంటారు? కాకపోతే ఆ నెలలో అదే ఆశ్రమానికి నాలుగు చర్చిల వాళ్లూ, రెండు క్లబ్బుల వాళ్లూ వెళ్తారు. ముసలమ్మ మంచం కింద మూడేసి దుప్పట్లు చేరతాయి. అదే ముసలమ్మకు జూలైలో కంటి శుక్లాల ఆపరేషన్ పడితే తోడు వెళ్లే మనిషి ఉండడు.

పుట్టిందే వారానికోసారి

వారం వారం చేసే సేవ చర్చి యువతకు కొత్తేమీ కాదు. వాళ్ల సంస్థలు చాలావరకు పుట్టిందే అలా. సండే స్కూలు సంగతే చూడండి. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాధిపతి పెట్టించిన ఆ బడి వారమంతా కార్ఖానాల్లో పనిచేసే పిల్లలకు చదవడం నేర్పడానికి. వాళ్లకు ఖాళీ దొరికేది ఆదివారం ఒక్కటే, అందుకని బడి ఆదివారం పెట్టారు. ఇవాళ మన సండే స్కూల్లో కంఠత వాక్యాలకూ యాక్షన్ సాంగ్స్‌కూ దొరికిన చోటు అక్షరాలు రాని పిల్లాడికి దొరకడం లేదు.

కతోలికుల విన్సెంట్ డి పాల్ సభ 1833లో పారిస్‌లో మొదలైంది. దాన్ని స్థాపించిన ఫ్రెడరిక్ ఓజనామ్‌కు అప్పటికి ఇరవయ్యేళ్లు. యూనివర్సిటీ విద్యార్థి. సభ్యుల పని పేదల ఇళ్లకు వెళ్లి పలకరించి, కావలసింది చూసి రావడం, మళ్లీ వెళ్లడం. ఇక మన లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో పెద్దవాళ్లు ‘సీఈ’ అని తలుచుకునే క్రిస్టియన్ ఎండీవర్‌ను 1881 ఫిబ్రవరి 2న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు ఆరంభించారు. చేరే కుర్రాళ్లు చేసే ప్రమాణంలో ఒక ముఖ్యాంశం ప్రతి కూటానికీ రావడం, వచ్చి ఊరికే కూర్చోకుండా ఏదో ఒక పాలు పంచుకోవడం.

కాబట్టి కొత్త సేవలు కనిపెట్టనక్కర్లేదు. వారానికోసారి మనిషి అవసరమయ్యే పనులు ఊళ్లో ఎక్కడున్నాయో వెతుక్కుంటే చాలు.

గుడ్ ఫ్రైడే రక్తం, ఆగస్టు రక్తం

చర్చి యూత్‌కు ముందుగా తోచే సేవ రక్తదానం. గుడ్ ఫ్రైడే నాడు శిబిరం పెట్టడం చాలాచోట్ల ఆనవాయితీ అయింది. ఆలోచన మంచిదే, రోజే కుదరదు. శ్రమల కాలమంతా ఉపవాసాలున్నవాళ్లు, ఆ పొద్దున మంచినీళ్లు కూడా ముట్టనివాళ్లు, పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ఆరాధనలో కూర్చుని నేరుగా వచ్చి చెయ్యి చాపుతారు. ఖాళీ కడుపుతో రక్తం ఇవ్వకూడదన్నది శిబిరంలో మొదటి నియమం. కళ్లు తిరిగి పడిపోయిన తమ్ముడికి గ్లూకోజు తాగించడంతోనే సగం సాయంత్రం గడిచిపోతుంది.

అంతకన్నా పెద్ద లెక్క ఇంకోటుంది. సేకరించిన ఎర్రకణాలు, సంచిలో కలిపే ద్రావణాన్ని బట్టి, 35 నుంచి 42 రోజుల వరకే పనికొస్తాయి. ప్లేట్‌లెట్లయితే అయిదు రోజులే. ఒక్క రోజున రెండు వందల మంది ఇస్తే ఆ వారం బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్ నిండుతుంది. ఆ సంచి వానాకాలం డెంగీ రోజులదాకా ఆగదు. తలసీమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఏళ్ల తరబడి. హైదరాబాద్‌లోని తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ లాంటి చోట్లకు వచ్చే పిల్లలకు ఏప్రిల్‌లో ఎంత అవసరమో ఆగస్టులోనూ అంతే. పైగా వేసవిలో కాలేజీలు మూసేస్తారు, శిబిరాలు తగ్గిపోతాయి, కొరత మొదలవుతుంది. చర్చికి మాత్రం వేసవి సెలవులుండవు.

మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. వయసు పద్దెనిమిది నిండాలి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. యూత్‌లో అర్హులు నలభై మంది ఉన్నారనుకోండి. నెలకు పది మంది చొప్పున పంపితే ఒక్కొక్కరి వంతు నాలుగు నెలలకు వస్తుంది. ఏడాది పొడవునా గొలుసు తెగదు. దీనికి కావలసిందల్లా ఒక నోటు పుస్తకం: పేరు, గ్రూపు, ఆఖరిసారి ఇచ్చిన తేదీ. ‘అర్జెంట్, ఓ నెగెటివ్’ అని రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో వచ్చే కేకలో సగం గాబరా ఆ పుస్తకం లేకపోవడం వల్లే.

ఇందులో అనుకోని లాభం ఒకటుంది. శిబిరానికి వచ్చిన అమ్మాయిల్లో కొందరిని హిమోగ్లోబిన్ చాలలేదని వెనక్కి పంపుతారు. ఇంటికెళ్లి చిన్నబుచ్చుకుంటారు. అప్పుడే డాక్టరుకు చూపించుకుని, ఐరన్ మాత్రలు వాడి, నాలుగు నెలల తర్వాత మళ్లీ వచ్చి 12.5 దాటిన అమ్మాయి తన ఒంటికి తాను చేసుకున్న మేలు తక్కువది కాదు.

తాళం వేసిన హాలు

పేటలో చర్చి హాలు విలువ పదో తరగతి పిల్లలున్న ఇంటిని అడగండి. ఒకటే గది. అందులోనే పొయ్యి, టీవీ, చంటిపిల్ల ఉయ్యాల. పిల్లాడు పుస్తకం పట్టుకుని వీధిలైటు కింద అరుగు మీద కూర్చుంటాడు. నాలుగడుగుల దూరంలో చర్చి. ఫ్యాన్లున్నాయి, లైట్లున్నాయి, చాపలున్నాయి. గేటుకు తాళముంది. సోమవారం నుంచి శనివారం దాకా, కూడికలున్న సాయంత్రాలు తప్ప, ఆ తాళం ఊడదు.

చర్చి యూత్ చేయగల సేవలన్నిట్లో నా ఓటు దీనికే. సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా హాలు తెరవడం. రోజుకిద్దరు వంతులవారీగా కూర్చోవడం. డిగ్రీ చదివే కుర్రాడికి పదో తరగతి లెక్కలన్నీ రానక్కర్లేదు. ‘ఈ లెక్క ఎలా చేశావో చెప్పు’ అని అడిగేవాడుంటే చాలు, చెప్పబోయి పిల్లాడే తప్పు పట్టుకుంటాడు. ఇంగ్లిషు పాఠం పైకి చదివించాలి, భౌతికశాస్త్రం బొమ్మలు గీయించాలి, పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టి రాయించాలి. డబ్బుతో పని లేదు.

అసలు పని హాజరు పుస్తకం దగ్గర మొదలవుతుంది. రెండు రోజులు వరసగా రాని పిల్ల ఇంటికి మూడో రోజు ఎవరో ఒకరు వెళ్లాలి. పల్నాడులో మిరప కోతలు జనవరి నుంచి ఊపందుకుంటాయి, పదో తరగతి పరీక్షలు మార్చిలో. ఏ పిల్ల ఎందుకు రాలేదో సగం సందర్భాల్లో ఈ రెండు తేదీలే చెబుతాయి. కోతకు వెళ్తే వచ్చే కూలి ఆ ఇంటికి చిన్నదేమీ కాదు. దాని మీద ఉపన్యాసం ఇస్తే తల్లి వినదు. ‘అత్తా, పరీక్షలయ్యేదాకా దాన్ని మాకొదిలెయ్, ఆ తర్వాత నీతో పాటే కోతకు పంపుదాం’ అని పక్కింటి పిల్లాడు, రేపూ ఎల్లుండీ కనపడేవాడు చెబితే వినొచ్చు. బయటి ఊరి నుంచి వచ్చే ఏ సంస్థకూ ఈ మాట చెప్పే చనువుండదు.

సంఘపెద్దల అభ్యంతరాలు ఎలా ఉంటాయో ఊహించవచ్చు. కరెంటు బిల్లు ఎవరు కడతారు, చాపలు చిరిగిపోతాయి, పవిత్రమైన స్థలంలో పిల్లల అల్లరేమిటి? మొదటిదానికి జవాబు తేలిక. కోత పండుగ నాడు గుమ్మడికాయలూ నాటుకోళ్లూ వేలం వేసి వచ్చిన సొమ్ములో ఒక పాలు చాలు, నాలుగు ట్యూబులైట్లు ఏడాదంతా వెలుగుతాయి. మూడోదానికి సండే స్కూలు ఎలా పుట్టిందో చెప్పొచ్చు. చాపల సంగతి నిజమే, చిరుగుతాయి.

ఒక షరతు మాత్రం గట్టిగా ఉండాలి: హాలు పేటలోని పిల్లలందరిదీ. మన చర్చికి వచ్చే పిల్లలకే అంటే అది ట్యూషన్ అవుతుంది.

‘కళ్లు ఆర్పండి మాస్టారూ’

నవంబరు వస్తే రిటైరైన ఉద్యోగుల్లో చాలామందికి లైఫ్ సర్టిఫికెట్ బెంగ పట్టుకుంటుంది. తాను బతికే ఉన్నానని ఏటా నిరూపించుకోకపోతే పెన్షను ఆగిపోతుంది. బ్యాంకు మెట్లు ఎక్కలేనివారి కోసం కేంద్రం 2014లో ‘జీవన్ ప్రమాణ్’ తెచ్చింది. వేలిముద్ర వేస్తే సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో వెళ్లిపోతుంది. చిక్కేమిటంటే డెబ్భై దాటిన వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. పెన్షన్ తీసుకునే ఒకప్పటి రైల్వే గ్యాంగ్‌మన్ చేతులు చూస్తే సంగతి అర్థమవుతుంది, యంత్రం పదిసార్లు ఎర్రలైటు చూపిస్తుంది. ఆ తర్వాత ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి వచ్చింది. మామూలు స్మార్ట్‌ఫోన్ చాలు, ఇంట్లోనే అయిపోతుంది. అయితే ఫోన్ పట్టుకునేవాళ్లు కావాలి.

ఆ ఫోన్ పట్టుకోవడం ఎలా ఉంటుందంటే ఇలా ఉంటుంది. రిటైరైన మాస్టారిని వెలుతురున్న వైపు, గోడ వెనకుండేలా కుర్చీలో కూర్చోబెట్టాలి. కళ్లజోడు తీయించాలి. తెర మీద గుండ్రటి గీత వస్తుంది, ముఖం అందులో ఇమడాలి. కనురెప్పలు ఆర్పమని యాప్ అడుగుతుంది.

‘‘మాస్టారూ, కళ్లు ఆర్పండి.’’

‘‘ఆర్పానమ్మా.’’

‘‘ఇంకోసారి. అలా గట్టిగా మూసేయకండి, మామూలుగా.’’

‘‘మామూలుగా అంటే ఎలాగో మర్చిపోయాను, నువ్వు చెబుతుంటే.’’

శుక్లాల ఆపరేషన్ అయిన కన్నొకటి, కానిదొకటి. నాలుగోసారికి పచ్చగుర్తు పడుతుంది. వచ్చిన నంబరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వాలి, ఎందుకంటే మెసేజ్ ఆయన చూడరు. పని అయిపోయింది కదా అని లేస్తే ఆయన ఊరుకోరు. టీ వస్తుంది. అమెరికాలో నర్సుగా ఉన్న కూతురి ఫొటోలు వస్తాయి. కుట్టించుకోవాల్సిన చెప్పు, పలకని టీవీ రిమోటు, మూత రాని మాత్రల సీసా అన్నీ బయటికొస్తాయి. సర్టిఫికెట్ పావుగంట పని, మిగతాది గంటన్నర. వచ్చే వారం ఏ సాకూ లేకుండా వెళ్లగలిగితే ఆ గంటన్నర కోసమే వెళ్లాలి.

మన చర్చి కుటుంబాల్లోంచి నర్సులుగా ఎంతమంది పిల్లలు దేశాలు పట్టి వెళ్లారో చూస్తే, ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రుల కోసం పక్క వీధి దాటి వెళ్లాల్సిన అవసరం కూడా ఉండకపోవచ్చు. కేంద్ర పెన్షనర్లలో ఎనభై దాటినవారికి సర్టిఫికెట్ ఇవ్వడానికి అక్టోబరు నుంచే వీలుంటుంది. ముందు వారితో మొదలుపెడితే నవంబరు మీద బరువు తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త: ఓటీపీలు, ఆధార్ జిరాక్సులు, బ్యాంకు పుస్తకాలు మన చేతిలోకి వస్తున్నాయి. ఒంటరిగా వెళ్లకూడదు, ఇద్దరు వెళ్లాలి. పని అవగానే ఫోన్లోంచి ఆ వివరాలు తీసేసి, తీసేసినట్టు ఆయనకే చూపించాలి.

పరీక్ష రాసే చేయి

ఆరాధనలో పీఠం దగ్గర నిలబడి పాఠం చదివే అలవాటున్న పిల్లలకు ఒక విద్య తెలియకుండానే వస్తుంది. తడబడకుండా, ఒత్తులు మింగకుండా, వెనక బెంచీకి వినపడేలా పైకి చదవడం. దీని అవసరం చూపు లేని విద్యార్థులకు తెలుసు. డిగ్రీకో, బ్యాంకు ఉద్యోగానికో చదివే అంధ విద్యార్థికి పుస్తకం చదివి రికార్డు చేసి ఇచ్చేవాళ్లు కావాలి. చూపు లేనివారికి వీలుగా పుస్తకాలను మార్చుకునే హక్కునిచ్చే మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికన్నా ముందు ఆమోదించిన దేశం మనదే. చట్టం దారి ఇచ్చింది, గొంతులే తక్కువ.

పరీక్షల కాలంలో కావలసింది రాసిపెట్టే చేయి. అభ్యర్థి చెబుతుంటే రాసే స్క్రైబ్‌కు ఎంత చదువుండాలన్నది ఆ పరీక్ష నిబంధనలు చెబుతాయి. అభ్యర్థి తానే స్క్రైబ్‌ను తెచ్చుకుంటే, ఆ మనిషి చదువు అభ్యర్థి కన్నా ఒక మెట్టు తక్కువే ఉండాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. అందుకే ఎంఏ చదివినవాళ్లు అక్కరకు రారు, తొమ్మిదో తరగతి పిల్లా, ఇంటర్ కుర్రాడూ వస్తారు. సేవ పేరెత్తితే ‘మీరింకా చిన్నపిల్లలు’ అని పక్కన కూర్చోబెట్టే వయసుకు సరిగ్గా ఇది సరిపోతుంది. పరీక్ష ఎంతసేపుంటే గంటకు ఇరవై నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తారు. మూడు గంటల పరీక్ష నాలుగు గంటలు. చేయి నొప్పి పుడుతుంది. తెలిసిన జవాబును అభ్యర్థి తప్పు చెబుతున్నా ఉన్నదున్నట్టు రాయాలి. ఈ రెండో నొప్పి ఎక్కువట.

రోడ్డు మీద, వరదలో

ఉత్తరాంధ్ర నుంచి నెల్లూరు దాకా జాతీయ రహదారి 16ను ఆనుకుని ఎన్ని ఊళ్లున్నాయో, ఆ ఊళ్లలో ఎన్ని చర్చిలున్నాయో లెక్కలేదు. ప్రమాదం జరిగాక 108 వచ్చేలోపు ఉండే ఆ కొద్ది నిమిషాలు ఎవరో ఒకరి చేతిలో ఉంటాయి. రక్తం కారుతున్నచోట గట్టిగా నొక్కి పట్టడం, మెడ కదలకుండా చూడటం, గుండె ఆగితే ఛాతీ మీద నొక్కడం ఒక పూట శిక్షణతో వస్తాయి. సాయం చేస్తే పోలీసు కేసుల్లో ఇరుక్కుంటామన్న భయానికి ఇప్పుడు ఆధారం లేదు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో మోటారు వాహనాల చట్ట సవరణ సాయపడినవారికి రక్షణ కల్పించాయి. వాళ్లను ‘గుడ్ సమరిటన్’ అంటుంది చట్టం. ఆ సమరయుడి కథ సండే స్కూలు పిల్లలందరికీ వచ్చు. నూనె రాసి కట్టు కట్టినంతవరకు నాటకం వేస్తారు. పూటకూళ్లవాడికి డబ్బిచ్చి, తిరిగి వచ్చేటప్పుడు ఇంకేమైనా ఖర్చయితే అదీ ఇస్తానన్న ముక్క టైము చాలక వదిలేస్తారు.

వరదలూ తుపాన్లూ చర్చిలకు పాత పరిచయమే. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు శవాలు తీయడం దగ్గర్నుంచి ఇళ్లు కట్టడం దాకా అన్ని మతాల సంస్థలూ దిగాయి, చర్చిల తరఫున ‘కాసా’ అనే సేవాసంస్థ కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు పులిహోర పొట్లాలకు కొదవ రాలేదు. కొన్ని వీధుల మొదట్లోనే పొట్లాలు గుట్టలు పడ్డాయి, లోపలి సందుల్లోకి ఈదగలిగినవాళ్లు తక్కువయ్యారు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ‘ఆపద మిత్ర’ పేరుతో పద్దెనిమిది నుంచి నలభై ఏళ్లవారికి పన్నెండు రోజుల శిక్షణ ఇచ్చింది. తీరప్రాంత చర్చి ఒక్కోదాని నుంచి ఇద్దరు ముగ్గురు అలాంటి శిక్షణ పొంది ఉంటే, తర్వాతి తుపానుకు వండేవాళ్లు వండుతారు, తీసుకెళ్లేవాళ్లు తీసుకెళ్తారు.

కోనసీమ, కడప వైపు చర్చిలకు ఇంకో పని ఉంది. కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు. ముప్ఫయ్యేళ్లు నిండకుండా ఇంటిపనికి పంపడం నిబంధనలకు విరుద్ధం. ఏజెంటుకు లైసెన్సుందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూస్తే తెలుస్తుంది. ప్రయాణం కోసం ప్రార్థన చేయించుకోవడానికి అక్క చర్చికి వచ్చినప్పుడు, ఆమెన్ అయ్యాక అయిదు నిమిషాలు కూర్చోబెట్టి ఆ వెబ్‌సైటు చూపించేవాళ్లు ఒకరుంటే చాలు.

కరపత్రం ఇంట్లో పెట్టి రండి

ఈ మాట కొందరికి రుచించకపోవచ్చు, అయినా చెప్పాల్సిందే. ఆసుపత్రి మంచం మీద ఉన్నవాడికి, నీళ్లలో నడుముదాకా మునిగి ఉన్నవాడికి, పెన్షను ఆగిపోయిన ముసలివాడికి మనం ఇచ్చే సాయంతో పాటు కరపత్రం ఇవ్వకూడదు. నమ్మకం మనది, అవసరం అతనిది. ఆ రెంటినీ ఒకే చేత్తో అందిస్తే వద్దనే స్వేచ్ఛ అతనికి ఉండదు. ఇవాళ్టి అనుమానాల వాతావరణంలో ఇది తెలివైన పద్ధతి కూడా. నేను చెబుతున్నది మాత్రం తెలివి గురించి కాదు, మర్యాద గురించి.

ఇది మన దగ్గర పుట్టిన మర్యాదే. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి పని చూపించారు. బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా వచ్చినా, కరువు పనులు సాగుతున్నంతకాలం ఇవ్వలేదు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని. పనులు ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ సంఖ్యను చర్చి చరిత్రలో గొప్పగా చెప్పుకుంటారు. దాని ముందు ఆయన ఆగిన నెలల గురించి ఎక్కువగా చెప్పుకుంటే బాగుండును.

పిల్లలతో పనిచేసేటప్పుడు ఇంకా కఠినంగా ఉండాలి. మూసిన గదిలో ఒక్క పెద్దమనిషి ఒక్క పిల్లతో ఉండకూడదు, ఎప్పుడైనా ఇద్దరుండాలి. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉండాలి. ఏదైనా తప్పు జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ‘సంఘం పరువు’ అని పెద్దలు కూర్చుని సర్దుబాటు చేయడం నేరమవుతుంది. పిల్లల ఆశ్రమాల్లో పుట్టినరోజు కేకులు కోసి ఫొటోలు దిగి పెట్టే అలవాటు మానేయాలి. ఆ పిల్లల ముఖాలు బయటపెట్టకూడదని చట్టమే చెబుతోంది.

మొదలుపెట్టడం ఎలాగంటే

ఒక్క పని ఎంచుకోవాలి. పైన చెప్పినవన్నీ మీద వేసుకున్న యూత్ ఫిబ్రవరికి చేతులెత్తేస్తుంది. ఆ పని జరిగేచోట అడగాలి: ఆసుపత్రి అయితే సూపరింటెండెంటును, బడి అయితే హెడ్‌మాస్టరును, పేట అయితే అమ్మలను. మాకు తోచింది తెచ్చాం అనేకన్నా మీకేం కావాలి అంటే జవాబు వేరుగా వస్తుంది. పళ్లొద్దు బాబూ, ఓపీ చీటీ రాసే కౌంటరు దగ్గర చదువురానివాళ్లకు సాయంగా పొద్దున్నే ఇద్దరు నిలబడండి అని నర్సమ్మ అనొచ్చు.

అమ్మాయిల గురించి విడిగా చెప్పాలి. ఏ చర్చిలో చూసినా కూటానికి క్రమం తప్పకుండా వచ్చేది వాళ్లే. కమిటీలో మాత్రం వాళ్ల పేర్లు జాయింట్ సెక్రటరీ దగ్గర ఆగిపోతాయి, పనులు డెకరేషన్ దగ్గరా క్వయర్ దగ్గరా ఆగిపోతాయి. క్రమమే ఆస్తి అనుకున్నప్పుడు ఆ ఆస్తి ఎక్కువగా ఎవరి దగ్గరుందో వాళ్ల చేతికి పుస్తకం ఇవ్వడం న్యాయం. పని వేళలు కూడా వాళ్లను చూసే పెట్టాలి. చీకటి పడ్డాక ఇంటికి దింపే బాధ్యత ఎవరిదో ముందే రాసుకోవాలి.

ఇక కమిటీ మారేటప్పటి సంగతి. కొత్త సెక్రటరీ ఎన్నికవగానే పాతవాళ్లు చేసినవన్నీ పక్కన పడేసి కొత్త బ్యానరు కట్టడం మన సంఘాల పాత జబ్బు. బాధ్యతలు అప్పగించే ఆదివారం నాడు శాలువాలు కప్పుకుంటే కప్పుకోండి, కానీ పద్దుల పుస్తకంతో పాటు మరో మూడు చేతులు మారాలి: రక్తదాతల పుస్తకం, స్టడీ అవర్స్ హాజరుపట్టీ, ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల చిరునామాల కాగితం. ఆ కాగితంలో ఎదురుగా ఎవరు ఏ వారం వెళ్తారో పేర్లుండాలి, ఒక్క వారం కూడా ఖాళీ లేకుండా.